చెత్తకి సీజను లేదట!

సెయింట్ జాన్స్,
జూన్ మొదటి సోమవారం

పెద్దమ్మకి మేవిస్ వేయి ముద్దులు.

ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వూ, నీ ఎడమ మోకాలూ క్షేమమని తలుస్తాను. ఫోన్ చేస్తే "ఉత్తరమైతే రెండుసార్లు చదువుకుంటాను, ఫోన్‌ని ఎలా చదవమంటావు" అని పెట్టేశావు కాబట్టి రాస్తున్నాను.

ఉద్యోగం దొరికింది! ఉద్యోగం పేరు రీసైక్లింగ్ ఆపరేటివ్. పని పేరు చెత్త ఏరడం. పట్నంలో వాళ్లు నీలం సంచుల్లో పడేసిన సీసాలూ, డబ్బాలూ, అట్టపెట్టెలూ బెల్టు మీద వస్తుంటాయి. మేం రెండు వైపులా నిలబడి ఏ జాతిదాన్ని ఆ జాతి తొట్టిలోకి విసురుతాం. కంగారు పడకు, మన చేపల ఫ్యాక్టరీలో బెల్టులాంటిదే. అక్కడ కాడ్ చేపల్లోంచి పురుగులు ఏరేదాన్ని, ఇక్కడ పాల డబ్బాల్లోంచి పసిపిల్లల డైపర్లు ఏరుతున్నాను. వాసనలో పెద్ద తేడా లేదు. చేతి తొడుగులూ అవే. తలమీద టోపీ మాత్రం గట్టిది.

అక్టోబరు ఆఖరుదాకా నా పని చూస్తారట. నచ్చితే పర్మనెంటు. ఏడాది పొడుగునా పని, పెద్దమ్మా! మన ఊరి ఫ్యాక్టరీకి తాళం పడ్డప్పటినుంచీ ప్రతి వసంతంలో ఏదో ఒక రేవులో పీతల ఫ్యాక్టరీకి పోవడం, నవంబరు రాగానే పని అయిపోయి నీ పొయ్యి పక్కకి చేరడం, ఇదే కదా నా బతుకు. ఇలాంటి మాట నాకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

ఇవాళ మాత్రం బెల్టు పల్చగా నడిచింది. మధ్యాహ్నమే ఇంటికి పొమ్మన్నారు. ఆ ఖాళీలోనే ఇది రాస్తున్నాను.

నీ
మేవిస్

తా.క.: నువ్విచ్చిన ఖాళీ ఉప్పు మాంసం బకెట్టులో బట్టలు నానబెట్టుకుంటున్నాను. ఇక్కడి ఆడవాళ్లు అలాంటి బకెట్లని చెత్తలో పారేస్తారు, నమ్ముతావా? మూతతో సహా! రోజూ బెల్టు మీద కనిపిస్తాయి. నాకు కడుపు తరుక్కుపోతుంది.

* * *

లిటిల్ కెటిల్,
బుధవారం. పొగమంచు. మా గేటు నాకే కనిపించట్లేదు

మేవిస్‌కి పెద్దమ్మ దీవెనలు.

బకెట్ల సంగతి రెండుసార్లు చదివాను. మూతతో సహానా? వాళ్ల అమ్మలు వాళ్లని పెంచలేదా, మేపారా?

ఇక నీ ఉద్యోగం. ఏడాది పొడుగునా పని అని నీకెవరో చెవిలో పువ్వు పెట్టారు. నా ఎరికలో ఏడాది పొడుగునా పనిచేసినవాళ్లు ఇద్దరే. ఒకరు చర్చి ఫాదరుగారు, ఒకరు లైట్‌హౌసు కాపలా ఆయన. లైట్‌హౌసుకి ఇప్పుడు కరెంటు మీట పెట్టేశారు. ఫాదరుగారు నెలకోసారి పడవెక్కి వచ్చి, నాలుగు పాటలు పాడించి పోతున్నారు. చేపకి సీజనుంది, పీతకి సీజనుంది, దుప్పిని కొట్టడానికి సీజనుంది. చెత్తకి మాత్రం ఎందుకుండదు? మంచు పడితే ఎవరు పారేస్తారు, ఎవరు ఏరుతారు? పిచ్చిదానా.

అసలు సంగతి అది కాదు. బెల్టు పల్చగా ఉందన్నావు చూడు, ఆ ముక్క చదవగానే నా గుండె గుభేలుమంది. జూన్‌లోనే సరుకు రాకపోతే నీ పని వారాలు ఎప్పటికి పూర్తవుతాయే? సర్కారు అడిగినన్ని వారాలు పనిచేసినట్టు లెక్క చూపకపోతే చలికాలం నిరుద్యోగ భృతి ఎవడిస్తాడు? భృతి లేకపోతే నవంబరులో నువ్వు ఇంటికెలా వస్తావు? నువ్వు ఇంట్లో లేకుండా నేను ఆ చలికాలాన్ని ఏం చేసుకోను? పేకాటలో నన్ను మోసం చేసేవాళ్లు కూడా ఉండరు.

చేపలు పడని ఏడు మర్చిపోయావా? ఫ్యాక్టరీలో అందరికీ వారాలు తక్కువైతే పక్క రేవులవాళ్లు వాళ్ల చేపలు మనకి పంపి మన బెల్టు నడిపించారు. ఆ తర్వాతి ఏడు వాళ్లకి మనం పంపాం. మనిషికి వారాలు తక్కువైతే ఊరు ఊరుకోదు.

ఆదివారం చర్చి అవగానే లేచి నిలబడి "మన మేవిస్‌కి అక్కడ చెత్త చాలట్లేదు" అని చెప్పాను. అందరూ అయ్యో పాపం అన్నారు. మన జాలరి ఆంబ్రోస్ అయితే అప్పుడే పెట్టుకున్న టోపీని ఎవరో పోయినట్టు మళ్లీ తీశాడు. గురువారం పట్నానికొచ్చే హబర్ట్ వ్యాన్‌లో మొదటి సరుకు వస్తుంది. అన్నీ నేనే కడిగి, నేనే తుడిచి, నేనే గ్రేడు కట్టాను. డబ్బా అడుగున త్రికోణంలో చిన్న నంబరు ఉంటుంది, చూశావా? అది గ్రేడు. నువ్వు కొత్తదానివి కాబట్టి నీకింకా చెప్పి ఉండరు. ఒకటో నంబరువి పైవరసలో పేర్చాను. ఐదో నంబరు వెన్న డబ్బాలు తెచ్చినవాళ్లని గుమ్మంలోంచే తిప్పి పంపేశాను. ఐదో రకం సరుకు మన ఊరి పేరు మీద పోవడానికి వీల్లేదు.

ఇట్లు
ట్రిఫీనా పెద్దమ్మ

తా.క.: పెట్టెల్లో ఐస్ వేద్దామనుకున్నాను. అక్కర్లేదని హబర్ట్ అన్నాడు. ఖాళీ సీసాలు దారిలో పాడవకుండా ఆగుతాయా? ఆగకపోతే రాయి, ఈసారి వేస్తాను.

* * *

సెయింట్ జాన్స్,
జూన్ నెలాఖరు

ప్రియమైన పెద్దమ్మా,

సరుకు చేరింది. హబర్ట్ వ్యాన్ తిన్నగా ఫ్యాక్టరీ గేటు దగ్గరికే తెచ్చి, హారన్ కొట్టి, "మేవిస్! మీ ఊరు చెత్త పంపింది!" అని అరిచాడు. షిఫ్టులో వాళ్లంతా బయటికొచ్చారు. నా తల కొట్టేసినట్టయింది.

కానీ అబద్ధం ఎందుకు చెప్పాలి, పెట్టె తెరిచాక ఎవ్వరూ నవ్వలేదు. డబ్బాల మీద కాగితాలు ఒలిచేసి, సీసాలు తళతళలాడేలా కడిగి, వరస వరసకీ మధ్య శుభ్రమైన కాగితం పరిచి, పైన చీటీ: 'లిటిల్ కెటిల్. మొదటి రకం. ప్యాకింగ్ ట్రి.కీ. తనిఖీ ట్రి.కీ.' ఫోర్క్‌లిఫ్టు నడిపే లెన్ ఒక సూపు డబ్బా తీసి వాసన చూసి, "మా ఇంట్లో తినే ప్లేట్లు కూడా ఇంత శుభ్రంగా ఉండవు" అన్నాడు. లెన్ అలా అంటాడు గాని మనిషి మంచివాడు.

ఇప్పుడు నిదానంగా విను. నాకు వారాలు తక్కువ కాలేదు. ఆ రోజు చెత్త లారీ ఒకటి చెడిపోయింది, అంతే. మర్నాటినుంచి మెడదాకా సరుకు. ఆ నంబర్లు గ్రేడులు కావు, ఏ రకం ప్లాస్టిక్కో చెప్పే గుర్తులు. ఐదంటే నాసిరకమని కాదు, వేరే జాతి, అంతే. పాపం, వెనక్కి పంపినవాళ్లకి నా తరఫున క్షమాపణ చెప్పు.

దయచేసి ఇంకేమీ పంపకు. నిజంగా అక్కర్లేదు. నువ్వు అంత కష్టపడాల్సిన పనే లేదు.

నీ
మేవిస్

తా.క.: పెట్టె అడుగున ఉప్పు చేప దొరికింది. అది ఏ తొట్టిలో వేయాలని లెన్ అడిగాడు. నా నోట్లో అన్నాను.

* * *

లిటిల్ కెటిల్,
జూలై. ఎండ వచ్చింది, చూడ్డానికి అందరం బయటికొచ్చాం

నా బంగారు మేవిస్‌కి,

నీ ఉత్తరం చర్చిలో చదివి వినిపించాను. "అక్కర్లేదు", "కష్టపడకు" అన్నచోట సగం మంది కళ్లు తుడుచుకున్నారు. నువ్వు ఎంత అవసరంలో ఉన్నావో అందరికీ అర్థమైంది. మన ఇళ్లలో ఎంత ఆకలేసినా మొదటి పిలుపుకే "ఔను, పెట్టండి" అన్నవాళ్లున్నారా? వద్దు వద్దంటూ కుర్చీ దగ్గరికి జరగడమే కదా మన మర్యాద. పట్నం వెళ్లినా ఆ పద్ధతి మర్చిపోలేదు. నాకు గర్వంగా ఉంది.

అందుకని ఊరు నడుం బిగించింది. ఒక్కటే చిక్కు. మన ఊళ్లో అంత చెత్త లేదు. ఇక్కడ డబ్బా ఖాళీ అయితే మేకులు పోస్తాం, సీసా ఖాళీ అయితే జామ్ పోస్తాం, పారేయడానికి ఏం మిగులుతుంది? కాబట్టి చెత్త తయారుచేస్తున్నాం. రోజూ భోజనంలో డబ్బాల్లో వచ్చే పీచ్ పండ్లే. ఆంబ్రోస్ పుట్టాక టీ తప్ప ఇంకోటి తాగలేదు, ఇప్పుడు నీకోసం పొద్దుటా సాయంత్రం నిమ్మకాయ సోడా తాగుతున్నాడు. పొట్ట ఉబ్బి డోలులా అయింది. "మేవిస్ కోసం" అనుకుంటూ కళ్లు మూసుకుని గుటకేస్తాడు.

గ్రేడుల గురించి నాకు చెప్పకు. నేను ఆ బల్ల దగ్గర నిలబడి కాడ్ గ్రేడు కట్టినప్పుడు నీకు పాలపళ్లు ఊడలేదు. 'వేరే జాతి' అని మర్యాదకి అంటారు. స్టెల్లా కొట్లో ఐదో నంబరు వెన్న ఎవరూ ముట్టుకోవట్లేదు. స్టెల్లా నాతో మాట్లాడ్డం మానేసింది. మానేయనీ.

ఈసారి పెద్ద సరుకు కూడా ఉంది. ఆంబ్రోస్ షెడ్డులో పడున్న పాత కాడ్ వలలన్నీ దులిపి, నాలుగు పెట్టెల్లో మడతపెట్టి పంపుతున్నాను. నైలాన్ కూడా ప్లాస్టిక్కేనట, హబర్ట్ ఎక్కడో చదివాడు. బరువు బాగా తూగుతాయి. వీటితో నీ వారాలు గట్టెక్కకపోతే నన్నడుగు.

ఇట్లు
నీ పెద్దమ్మ

తా.క.: ఎవరీ లెన్? పోయిన ఉత్తరంలో నా మోకాలి మాట లేదు గాని, లెన్ మాట మాత్రం అడుగడుగునా ఉంది.

* * *

సెయింట్ జాన్స్,
జూలై

పెద్దమ్మా,

వలలు పంపావా? వలలు!

ఆ పెట్టెల్లోనూ డబ్బాలే ఉన్నాయనుకుని లెన్ వాటిని తిన్నగా బెల్టు మీద కుమ్మరించాడు. బెల్టు చివర సరుకుని జల్లెడ పట్టే రోలర్లుంటాయి. నీ వలకి వయసు మళ్లలేదు పెద్దమ్మా, రోలర్లన్నిటినీ ఒక్కటి మిగల్చకుండా పట్టేసింది. ఫ్యాక్టరీ మొత్తం ఆగిపోయింది. నేనూ లెనూ పైకెక్కి సాయంత్రందాకా కత్తులతో కోసి కోసి తీశాం. నా తల ప్రాణం తోకకొచ్చింది.

మేనేజరు పార్డీగారు తన గదిలోంచి దిగొచ్చారు. ఆయన దిగితే ఎవరికో మూడిందని అర్థం. పెట్టె మీద నీ చీటీ చదివి, "ఎవరీ ట్రి.కీ.?" అని అడిగారు. మా పెద్దమ్మ, ట్రిఫీనా కీపింగ్ అని చెప్పాను. "అడ్రసివ్వు" అన్నారు. ఇచ్చాను. చీటీ పీకి జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు. తిట్టి ఉంటే బాగుండేది.

అక్టోబరుదాకా నన్ను గమనిస్తారని రాశాను కదా. ఇక గమనించడానికి ఏం మిగిలింది?

కాబట్టి ఇది మర్యాదకి అంటున్న మాట కాదు. నాకు వారాలు వద్దు. భృతి వద్దు. చెత్తకి సీజను లేదు. ఈ ఉద్యోగం మిగిలితే, నేను నవంబరులో ఇంటికి రాను.

మేవిస్

* * *

లిటిల్ కెటిల్,
జూలై

కుమారి మేవిస్ హైన్స్ గారికి,

తమరి ఉత్తరం అందినది. విషయం తెలిసినది. ఇకమీదట ఈ ఊరినుంచి తమరికి ఎటువంటి చెత్తా పంపబడదు. మిగిలిన పీచ్ పండ్ల డబ్బాలు తినకుండా స్టెల్లాకి తిరిగి ఇవ్వబడినవి. ఆంబ్రోస్‌కి సోడా మాన్పించితిమి. అతను దేవుడికి దండం పెట్టెను.

తమరు నవంబరులో రానక్కరలేదు. ఇక్కడ ఎవరూ ఎదురుచూడుట లేదు.

ఇట్లు
మిసెస్ ట్రిఫీనా కీపింగ్

తా.క.: ఇక్కడి తమరి గది కిటికీకి చలిగాలి రాకుండా కొత్త చెక్క పలక కొట్టించి ఉన్నాను. అది ముందే కొట్టించినది. తమరి కోసం కాదు.

* * *

సెయింట్ జాన్స్,
ఆగస్టు

పెద్దమ్మా, పెద్దమ్మా, పెద్దమ్మా,

నన్ను 'ఒసేయ్' అను. 'మొద్దూ' అను. 'తమరు' అనకు. ఆ ఉత్తరం డ్యూటీ మధ్యలో చదివి ఒక గాజు సీసాని కాగితాల తొట్టిలో వేశాను.

అమ్మ పోయాక నన్ను నువ్వే పెంచావు. నీకు చెప్పకపోతే ఎవరికి చెప్పుకోను? విను. నాకు నువ్వు వద్దని కాదు. నాకు ఆ లెక్క వద్దు. ప్రతి ఆగస్టులో పీతలు తగ్గుతున్నాయని ఎవరో అనగానే లెక్క మొదలయ్యేది. ఇంకా ఇన్ని వారాలు, ఇంకా ఇన్ని వారాలు అని పక్కమీద వేళ్లు మడుచుకోవడం. సరిపోతే బతికిపోయాం, లేకపోతే ఎవరో జాలిపడాలి. ఊరు ఎప్పుడూ జాలిపడింది, కాదనను. కానీ నాకు నలభై దాటాయి పెద్దమ్మా. ఒక్క చలికాలమైనా ఎవరి దయా లేకుండా నా సంపాదనతో నీకు ఒక మంచి కోటు కొనాలనుంది. అంతకంటే ఏం లేదు.

నువ్వు గుర్తొస్తావు. పొయ్యి గుర్తొస్తుంది. ఆదివారం మధ్యాహ్నాలు ఏం చేయాలో తోచదు.

ఇక్కడ పరిస్థితి ఏమీ బాగాలేదు. మేం కట్టి పంపిన చెత్త మూటల్ని కొన్నవాళ్లు మురికిగా ఉన్నాయని తిప్పి పంపేశారు. పార్డీగారు మండిపడుతున్నారు. నీ పెట్టెల్లో మిగిలినవాటిని తన గదిలోకి తెప్పించుకుని తాళం వేసుకున్నారు. నా మీద సాక్ష్యాలన్నమాట. మొన్న పిలిచి, "మీ పెద్దమ్మ వీటిని వేణ్నీళ్లతో కడుగుతుందా, చన్నీళ్లతోనా?" అని అడిగారు. పోలీసుల్లాగే చిన్న చిన్న ప్రశ్నలతో మొదలుపెడుతున్నారు. చన్నీళ్లతోనని చెప్పాను. వేణ్నీళ్లంటే నేరం పెరుగుతుందేమోనని భయం.

తప్పు తనదేనని లెన్ వెళ్లి చెప్పాడు. ఇప్పుడు అతనికీ భయంగానే ఉంది.

నీ మొద్దు
మేవిస్

తా.క.: కిటికీకి పలక కొట్టించినందుకు థాంక్స్. నాకోసం కాదని తెలుసు.

* * *

లిటిల్ కెటిల్,
సెప్టెంబరు. గాలి ఒకటే ఈల

ఒసేయ్ మొద్దూ,

నాకెందుకే కోటు? ఉన్న కోటుకి ఇంకా ఒక జేబు బాగానే ఉంది.

నీ ఉత్తరం ఈసారి చర్చిలో చదవలేదు. వంటింట్లో ఒక్కదాన్నే చదువుకున్నాను, రెండుసార్లు. ఇన్నేళ్లూ నువ్వు పక్కమీద వేళ్లు మడుచుకుంటున్నావని నాకు తెలియదు. నేనూ పక్క గదిలో అదే చేసేదాన్ని. పొద్దున్నే లేచి ఇద్దరం ఒకరికొకరం ఏమీ లేనట్టు టీ పోసుకునేవాళ్లం. అదేం తెలివో మనది!

అందుకని మీ పార్డీకి నేనే ఉత్తరం రాశాను. నువ్వు కంగారు పడతావని నకలు కూడా దించాను, చదువుకో:

'అయ్యా, వలలు పంపింది నేను, మా పిల్ల కాదు. తిట్టదలిస్తే నన్ను తిట్టండి, నేను తిరిగి తిడతాను. పిల్ల జోలికి వెళ్లొద్దు. నా చేతికింద పనిచేసిన ఆడవాళ్లలో దానంత చురుకైన కళ్లు ఇంకెవరికీ లేవు. నవంబరు రాగానే దాన్ని ఇంటికి పంపకండి. మీ దగ్గరే ఉంచుకోండి. ఏడాదంతా ఉంచుకోండి. మీ మూటలు మురికిగా ఉన్నాయని విన్నాను. ఉండక ఏం చేస్తాయి? ఫ్యాక్టరీకి వచ్చాక ఏరుతున్నారు మీరు. రేవులోనే కడిగితే ఫ్యాక్టరీలో కంపు ఎందుకొస్తుంది? మా దగ్గర కాడ్‌ని పడవ దిగకముందే శుభ్రం చేసేవాళ్లం. మీకెవరూ చెప్పలేదు కాబోలు. చన్నీళ్లతోనే కడిగాను. ఇట్లు ట్రి.కీ.'

'ఇంటికి పంపకండి' అన్న మాట దగ్గర కలం కింద పెట్టాను. టీ తాగొచ్చి రాశాను. రాశాను కదా, అయిపోయింది. ఇక దాని గురించి మాట్లాడొద్దు.

ఉత్తరంతోపాటు మన అడవి పండ్ల జామ్ ఒక సీసా పెట్టాను. లంచం కాదు. సీసా తిరిగి పంపమని మూతమీద రాశాను.

ఇట్లు
పెద్దమ్మ

తా.క.: ఆ లెన్ కత్తి పట్టి నీతోపాటు వల కోశాడన్నావు. వల కోయడం రాని మగాణ్ని నేను లెక్కలోకి తీసుకోను. వీడు కోశాడు. సరే, చూద్దాం.

* * *

సెయింట్ జాన్స్,
అక్టోబరు

పెద్దమ్మా,

పర్మనెంటు!

పోయిన గురువారం పొద్దున్నే పార్డీగారు పిలిచారు. ఇక అయిపోయిందనుకుని తొడుగులు విప్పి, టోపీ చేత్తో పట్టుకుని వెళ్లాను. బల్ల మీద నీ జామ్ సీసా ఉంది, ఖాళీగా, కడిగి. "మీ పెద్దమ్మ ఉత్తరం చదివాను. నన్ను ఇంత మర్యాదగా ఎవరూ తిట్టలేదు" అన్నారు. కాగితం మీద సంతకం పెట్టి నా చేతికిచ్చారు. తర్వాత, "ఆవిడ రేవు గురించి రాసింది నిజమేనా?" అని అడిగి, ఏదో ఆలోచించుకుంటూ కిటికీ వైపు తిరిగారు. నిజమేనని చెప్పి నేను మెల్లిగా బయటికొచ్చేశాను. బెల్టు దగ్గర అందరూ చప్పట్లు కొట్టారు. ఏడ్చాను. లెన్ చేతిరుమాలు ఇచ్చాడు. అది కడగాల్సింది.

నువ్వు ఏం రాశావో, అది రాయడానికి నీకెలా ఉండి ఉంటుందో నాకు తెలుసు. దాని గురించి మాట్లాడొద్దన్నావు కాబట్టి మాట్లాడట్లేదు.

నవంబరులో రాలేను. క్రిస్మస్‌కి రెండు రోజులు సెలవిస్తారట, రోడ్డు మంచుతో మూసుకుపోకపోతే వస్తాను. సంతోషం పట్టలేకపోతున్నాను, ఆ పక్కనే ఇంటిమీద బెంగా ఉంది. రెండూ ఒకే తొట్టిలో ఎలా వేయాలో తెలియట్లేదు.

నీ
మేవిస్

తా.క.: పార్డీగారు పోయిన శుక్రవారంనుంచి కనిపించట్లేదు. పర్మనెంటు చేశాక పారిపోయారని లెన్ అంటున్నాడు.

* * *

లిటిల్ కెటిల్,
అక్టోబరు. తీరిక లేదు, గబగబా రాస్తున్నాను

పర్మనెంటు మేవిస్ గారికి పెద్దమ్మ దీవెనలు.

మీ మేనేజరు ఎక్కడికీ పారిపోలేదు. ఇక్కడున్నాడు. హబర్ట్ వ్యాన్‌లో, కోళ్ల బుట్టకీ ఎవరిదో కుట్టుమిషనుకీ మధ్య కూర్చుని వచ్చాడు. దిగేసరికి మొహం తెల్లకాగితంలా ఉంది. "ట్రిఫీనా కీపింగ్ ఎవరు?" అన్నాడు. "తిట్టడానికొచ్చావా?" అన్నాను. "ఫ్యాక్టరీ చూపిస్తారా?" అన్నాడు.

మూసేసిన మన చేపల ఫ్యాక్టరీ తాళం ఆంబ్రోస్ దగ్గరే ఉందిగా, తీయించాను. లోపల అంతా తిరిగాడు. మన బెల్టు, మన బల్లలు, మన నీళ్ల గొట్టాలు, అన్నిటినీ చేత్తో తడిమి చూశాడు. బూట్లు తడిసినా పట్టించుకోలేదు. నేను పది డబ్బాలు కడిగి, ఏరి, పేర్చి చూపించాను. చివరికి ఏమన్నాడో తెలుసా? చుట్టుపక్కల రేవుల చెత్తంతా ఇక్కడికే తోలిస్తాడట. ఇక్కడ మేం కడిగి, ఏరి, మూటలు కట్టి పట్నం పంపాలట. ఆ మూటల్ని ఎవరూ తిప్పి పంపరని అతని నమ్మకం. మన బల్లల దగ్గర పనిచేసిన ఆడవాళ్లందరికీ మళ్లీ పని. నేను ఫోర్‌మన్‌ని. జీతం విన్నాక స్టెల్లా మళ్లీ నాతో మాట్లాడుతోంది.

"ఎప్పటినుంచి ఎప్పటిదాకా సీజను?" అని అడిగాను. "చెత్తకి సీజను లేదండీ, ఏడాది పొడుగునా" అన్నాడు. ఆ మాట నువ్వు రాస్తే నమ్మలేదు. ఆ చల్లటి బెల్టు పక్కన నిలబడి వింటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మన ఊళ్లో ఇక ఎవరూ పక్కమీద వేళ్లు మడుచుకోనక్కర్లేదు, మేవిస్.

ఒక షరతు పెట్టాడు. ఏది ఏ జాతి ప్లాస్టిక్కో మాకెవరికీ తెలియదు కాబట్టి, పట్నంనుంచి ఒక పర్మనెంటు మనిషిని చలికాలం మొత్తానికి పంపి మాకు పని నేర్పిస్తాడట, జీతం అలాగే నడుస్తుందట. నేనూ ఒక షరతు పెట్టాను: "నెమ్మదస్తులని పంపకండి. నేను తప్పు చేస్తే నా మొహాన్నే 'వలలు పంపావా!' అని అరవగలిగిన మనిషి కావాలి." అతను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నవ్వి, సంతకం పెట్టాడు.

కాబట్టి నవంబరు ఒకటిన హబర్ట్ వ్యాన్ ఎక్కు. కిటికీ పలక గట్టిగా ఉంది. దుప్పట్లు ఎండలో వేశాను. ఇక్కడ ఎవరూ ఎదురుచూడట్లేదని రాశాను చూడు, అది పచ్చి అబద్ధం. జూలైనుంచీ ఎదురుచూస్తూనే ఉన్నాను.

ఇట్లు
ట్రిఫీనా కీపింగ్, ఫోర్‌మన్

తా.క.: ఫ్యాక్టరీలో నన్ను 'పెద్దమ్మా' అని పిలవకూడదు. సొంతమనిషని పక్షపాతం చూపిస్తానని నలుగురూ అనుకుంటారు. అక్కడ 'మేడమ్' అనాలి. ఆలస్యంగా వస్తే జీతం కోస్తాను. పని అయ్యాక మాత్రం నా చెయ్యి పట్టుకుని ఇంటికి నడిపించు. మెట్లు మంచుకి జారుతున్నాయి.